సైకిలుకు పంక్చరు మనమే వేద్దాం

పిల్లలూ! సైకిలు ఎక్కినవాణ్ణి మోసేది ఏమిటి? ఈ ప్రశ్న మీ నేస్తాలను అడిగి చూడండి. ఒకరు టైరు అంటారు. ఇంకొకరు రిమ్ము అంటారు. చువ్వలు అనేవారు కూడా ఉంటారు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాని రిమ్ముకూ నేలకూ మధ్య నిలబడి ఆ బరువంతా ఆపుతున్నది గాలి! కంటికి కనిపించని ఆ గాలి ఉన్నంతసేపూ సైకిలు గుర్రంలా పరుగెత్తుతుంది. గాలి పోయిందా, సైకిలు మనను మొయ్యటం మాని, మనచేత మోయించుకుంటుంది.

ఆ గాలి పోవటానికి ఎంతోసేపు పట్టదు. ఒక్క తుమ్మముల్లు చాలు. బడి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండి, ఆనాడే పరీక్ష అయి, దారిలో సైకిలు షాపు ఒక్కటీ లేకపోతే ఏం చెయ్యాలి? తెల్లవారకముందే పాల బిందెలు కట్టుకుని బయలుదేరిన మనిషికి నడిదారిలో గాలి దిగిపోతే ఆనాటి పాలు ఏమవుతాయి? అందుచేత పంక్చరు వెయ్యటం తెలిసి ఉండటం ఎంతో మంచిది. అది అర్ధగంట పని. పది పన్నెండేళ్ళ పిల్లలకు, పెద్దవాళ్ళు పక్కన ఉండి రెండుమూడుసార్లు చేయిస్తే, చక్కగా వచ్చేస్తుంది.

గాలి బరువును ఎలా మోస్తుంది?

మనిషీ సైకిలూ కలిసి 75 కిలోలు ఉన్నారనుకుందాం. అందులో వెనక చక్రం మీద సుమారు 45 కిలోలు పడుతుంది. ట్యూబులోని గాలి, బయటి గాలికంటె ఎక్కువగా, ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 3 కిలోల బరువంత ఒత్తిడి చేస్తున్నదనుకోండి. అప్పుడు 45 కిలోలు మొయ్యటానికి ఎంత చోటు కావాలి? 45ను 3తో భాగించండి. 15 చదరపు సెంటీమీటర్లు! అంటే వెనక చక్రం నేలకు ఆని ఉన్న చోటు ఒక అగ్గిపెట్టె అంత కూడా ఉండదన్నమాట. గాలి తగ్గి, ఒత్తిడి 1 కిలో అయితే 45 చదరపు సెంటీమీటర్లు కావాలి. అందుకే మెత్తబడిన టైరు నేలమీద పరుచుకుపోతుంది. అలాంటి సైకిలు తొక్కటానికి కాళ్ళు పీకుతాయి.

ఇది చూడాలంటే ఒక చిన్న పని చెయ్యండి. వెనక టైరును తడిపి, పొడిగా ఉన్న గచ్చుమీద సైకిలు నిలబెట్టండి. ఒకరు ఎక్కి కూర్చుంటే మరొకరు పట్టుకోవాలి. తరవాత సైకిలు ఎత్తి పక్కన పెట్టి, నేలమీది తడి మచ్చను చూడండి. కొంచెం గాలి తీసి మళ్ళీ అదే చెయ్యండి. మచ్చ ఎంత పెద్దదైందో మీకే తెలుస్తుంది.

పెద్ద సైకిలు ట్యూబులో చోటు సుమారు 2 లీటర్లే. అందులోకి మనం సుమారు 8 లీటర్ల గాలిని కుక్కుతాం. గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది గదా? గాలిని ఇరుకు చోటులో నొక్కితే అది వేడెక్కుతుంది. మన చేతుల శ్రమలో కొంత అలా వేడిగా మారిందన్నమాట.

చక్రంలోకి గాలి ఎలా వచ్చింది?

పూర్వం చక్రాలకు ఇనప పట్టాలు ఉండేవి. తరవాత గట్టి రబ్బరు వేశారు. గతుకుల మీద పోతే ఒళ్ళు హూనమయ్యేది. చక్రం చుట్టూ గాలి నింపిన గొట్టం వెయ్యవచ్చునని స్కాట్లండువాడైన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే చెప్పి, పేటెంటు కూడా తీసుకున్నాడు. కాని అప్పటికి సైకిళ్ళు వాడుకలోకి రాలేదు. ఆయన మాట అందరూ మరిచిపోయారు.

ఆ తరవాత బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు ఉండేవాడు. ఆయన కొడుక్కు మూడు చక్రాల సైకిలు ఉండేది. గట్టి చక్రాలతో కుర్రవాడు పడే అవస్థ చూసి, డన్‌లప్ 1887లో పలచని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి బిగించాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1889 మే నెలలో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన పందేలలో విలియం హ్యూమ్ అనే ఆయన ఈ గాలి టైర్లతో వచ్చి గెలిచాడు. దానితో గాలి టైరు పేరు మారుమోగింది.

అయితే ఒక చిక్కు ఉంది. ఆ టైర్లను రిమ్ముకు జిగురుతో అంటించేవారు. ముల్లు గుచ్చుకుంటే టైరు ఊడదీసి బాగుచెయ్యటానికి గంటలు పట్టేది. జిగురు ఆరటానికి రాత్రంతా ఆగవలసి వచ్చేది. ఫ్రాన్సులోని క్లెర్మోఁ-ఫెరాఁ ఊళ్ళో రబ్బరు కార్ఖానా నడుపుతున్న మిషెలిన్ సోదరులకు 1889లో అలాంటి టైరు ఒకటి బాగుచేతకు వచ్చింది. ఈ బాధ వారికి బాగా తెలిసి వచ్చింది. విప్పి మళ్ళీ బిగించుకోగల టైరును వారు తయారుచేసి, 1891లో పేటెంటు తీసుకున్నారు. ఆ ఏడే పారిస్ నుంచి బ్రెస్ట్‌కు పోయి తిరిగి వచ్చే పందెం జరిగింది. దూరం సుమారు 1200 కిలోమీటర్లు. అందులో మిషెలిన్ టైర్లు వేసుకున్న షార్ల్ తెర్రోఁ 72 గంటలు నిండకముందే తిరిగివచ్చి గెలిచాడు.

దీనివల్ల మనకు తెలిసేది ఏమిటి? విప్పటానికి వీలున్న వస్తువునే బాగుచెయ్యగలం. ఈనాడు మనం ఇంటి అరుగుమీద కూర్చుని పంక్చరు వేసుకోగలుగుతున్నామంటే, టైరును విప్పే ఉపాయం ఎవరో కష్టపడి ఆలోచించి పెట్టటం వల్లనే!

ముందు దొంగను పట్టాలి

ఒక కుర్రవాడు తన సైకిలుకు తానే పంక్చరు వేశాడు. చక్కగా అంటుకున్నది. బజారు దాకా పోయేసరికి గాలి దిగిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ దిగిపోయింది. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి ఏడుపు ముఖంతో సైకిలు షాపు తాత దగ్గిరికి పోయాడు.

"తాతా, నీ సొల్యూషన్ మంచిది కాదు. ఎన్నిసార్లు అంటించినా గాలి నిలవటం లేదు," అన్నాడు.

తాత ట్యూబు వంక చూడనైనా లేదు. టైరు లోపల ఒక గుడ్డ పెట్టి మెల్లిగా చుట్టూ తిప్పాడు. ఒకచోట గుడ్డ పట్టుకున్నది. అక్కడ విరిగిన ముల్లు ముక్క ఉన్నది.

"ఒరే అబ్బాయీ, మూడు చిల్లులు మూశావు. చిల్లు పెట్టేవాణ్ణి మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నావు!" అన్నాడు తాత నవ్వుతూ.

పిల్లలూ, పంక్చరు వెయ్యటంలో ఇదే అసలు సంగతి. చిల్లు మూయటం సగం పని. ఆ చిల్లు ఎందుకు పడిందో తెలుసుకోవటం మిగతా సగం.

అన్నిటికంటె ముందు వాల్వు చూడండి. గాలి కొట్టి, వాల్వు మూతిమీద తడి వేలితో ఒక నీటిబొట్టు పెట్టండి. బుడగ వస్తే తప్పు ట్యూబుది కాదు, వాల్వుది. మన మామూలు సైకిళ్ళ వాల్వులో ఒక సన్నని ఇత్తడి గొట్టం ఉంటుంది. దాని పక్కన చిన్న రంధ్రం, ఆ రంధ్రం మీద తొడుగులాగా పలచని రబ్బరు గొట్టం ఉంటాయి. దీనినే వాల్వు ట్యూబు అంటారు. పంపుతో కొట్టిన గాలి ఆ రబ్బరును ఎత్తి లోపలికి పోతుంది. కొట్టటం ఆపగానే లోపలి గాలి రబ్బరును రంధ్రానికేసి అదిమి తలుపు వేసేస్తుంది. గాలికి గాలే కాపలా! ఆ రబ్బరు పాతబడి చిరిగితే తలుపు పడదు. కొత్త ముక్క తొడిగితే పని అయిపోతుంది. టైరు విప్పనే అక్కరలేదు. కొన్ని కొత్తరకం సైకిళ్ళకు మోటారు బండ్లకు ఉన్నట్టు సూది ఉన్న వాల్వు ఉంటుంది. వాటికి ఈ రబ్బరు ఉండదు.

కావలసినవి

టైరు లేపే లీవర్లు రెండు, పంపు, వెడల్పాటి గిన్నెలో నీళ్ళు, గరుకు కాగితం, పంక్చరు సొల్యూషన్, పాత ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు ముక్క లేదా షాపులో దొరికే పంక్చరు ముక్క, సుద్దముక్క, పొడి గుడ్డ, కాస్త టాల్కం పౌడరు. లీవర్లు లేకపోతే స్క్రూడ్రైవరు వాడబోకండి. దాని మొన ట్యూబుకు కొత్త చిల్లు పెడుతుంది.

పని ఇలా చెయ్యండి

1. వాల్వు విప్పి మిగిలిన గాలంతా తీసెయ్యండి. వాల్వుకు ఎదురుగా ఉన్న వైపున టైరు అంచు కిందికి ఒక లీవరు దూర్చి పైకి లేపి, చువ్వకు తగిలించండి. జానెడు దూరంలో రెండోది దూర్చి లేపండి. తరవాత అంచు దానంతట అదే వస్తుంది. ఒక పక్క విప్పితే చాలు. ట్యూబును బయటికి లాగటానికి చక్రం ఊడదీయవలసిన పని లేదు.

2. ట్యూబు తీసేముందు, అది టైరులో ఎటు తిరిగి ఉన్నదో గుర్తు పెట్టుకోండి. వాల్వు ఉన్నచోటు మనకు కొండగుర్తు. ట్యూబులో చిల్లు వాల్వుకు రెండు జానల దూరాన ఉంటే, టైరులో ముల్లు కూడా అక్కడే దొరుకుతుంది.

3. ట్యూబులో కొంచెం గాలి కొట్టి, కొద్దికొద్దిగా నీళ్ళలో ముంచి చూడండి. బుడగలు వరసగా వచ్చే చోటే చిల్లు. ట్యూబు పైన అంటుకుని ఉన్న బుడగలను చూసి మోసపోకండి. తుడిచిన తరవాత కూడా వచ్చేవే అసలువి. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. ఒకటి దొరికింది గదా అని ఊరుకోక, ట్యూబంతా ముంచి చూడండి.

4. ఇప్పుడు చిల్లును చదవండి. చిల్లు నేలవైపు ఉంటే ముల్లో, మేకో, గాజు పెంకో కారణం. రిమ్మువైపు ఉంటే చువ్వ కొన పొడుచుకువచ్చి ఉంటుంది, లేదా రిమ్ము టేపు జరిగి ఉంటుంది. పాము కాటులాగా పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కోసం వెతకకండి. గాలి తక్కువగా ఉండగా గుంటలో పడటంవల్ల ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగిందన్నమాట.

5. టైరు లోపల గుడ్డతో తుడుస్తూ వెతకండి. ఉత్త వేళ్ళు పెట్టకండి, గుచ్చుకుంటుంది. ముల్లు దొరికితే పటకారుతో పూర్తిగా లాగండి. మన పల్లెల్లో పల్లేరుకాయలు ఇందులో గడుసువి. ఏ పక్కన పడినా ఒక ముల్లు పైకి ఉంటుంది. మన దేశాన్నుంచే కాక, ఇతర దేశాలలోనూ ఈ మొక్క సైకిళ్ళకు శత్రువే. అమెరికావారు దీన్ని పిలిచే పేరుకు తెలుగులో అర్థం "పంక్చరు తీగ"!

6. ట్యూబును బాగా తుడిచి ఆరబెట్టండి. చిల్లు చుట్టూ, ముక్కకంటె కాస్త ఎక్కువ మేర, గరుకు కాగితంతో రుద్దండి. ముక్కను కూడా రుద్దండి. ముక్క గుండ్రంగా ఉండాలి, చిల్లుకు అన్నివైపులా కనీసం ఒక సెంటీమీటరు దాటాలి. మూలలు ఉంటే అవే ముందు లేస్తాయి.

7. రెంటిమీదా సొల్యూషన్ పలచగా పూసి, ఆగండి. తడి మెరుపు పోయి, వేలికి కొద్దిగా మాత్రమే బంకగా తగిలేదాకా ఆగాలి. ఐదు నిమిషాలు పట్టవచ్చు. తరవాత ముక్కను నడిమి నుంచి అంచులకు నొక్కుతూ అంటించండి. పైన టాల్కం పౌడరు చల్లితే ట్యూబు టైరుకు అంటుకోకుండా ఉంటుంది.

8. ట్యూబు ముడతలు పోయేటంత గాలి కొట్టి, ముందు వాల్వును రంధ్రంలో పెట్టి, తరవాత ట్యూబును మెలి పడకుండా టైరులోకి సర్దండి. టైరు అంచును చేతులతో లోపలికి నెట్టుతూ రండి. చివరి జానెడు బిగుతుగా ఉంటుంది. అక్కడ లీవరు వాడితే ట్యూబు నలిగి మళ్ళీ మొదటికి వస్తుంది. రెండు బొటనవేళ్ళతో నెట్టండి. సగం గాలి కొట్టి, చుట్టూ చూసి, ఎక్కడా ఉబ్బకుండా ఉంటే పూర్తిగా కొట్టండి.

అంత తొందర ఎందుకు పనికిరాదు?

సొల్యూషన్ పూసిన వెంటనే అంటించాలని చెయ్యి తహతహలాడుతుంది. అక్కడే చాలామంది పంక్చరు చెడగొట్టుకుంటారు. సొల్యూషన్ అంటే త్వరగా ఆవిరయ్యే ద్రవంలో కరిగించిన రబ్బరు. ఆ ద్రవం పని రబ్బరును గరుకు చేసిన ప్రతి సందులోకీ చేర్చటమే. ఆ పని కాగానే అది ఎగిరిపోవాలి. ఎగిరిపోకముందే ముక్క వేసి మూస్తే, ద్రవం లోపలే చిక్కుకుని రబ్బరును రబ్బరు పట్టుకోనివ్వదు.

గరుకు కాగితం ఎందుకంటే, ట్యూబు మీద పొడి, మురికి, నున్నని పొర ఉంటాయి. సొల్యూషన్ ఆ పొరను పట్టుకుంటే లాభం లేదు. అసలు రబ్బరును పట్టుకోవాలి. ఇక ముక్క లోపలివైపు కాక పైన ఎందుకు వేస్తాం? లోపలికి పోవటానికి దారి లేదు గనక! అయినా నష్టం లేదు. గాలి కొట్టినప్పుడు ట్యూబు ఉబ్బి, ముక్కను టైరుకేసి అదిమి పట్టి ఉంచుతుంది.

అసలు చెట్టునుంచి తీసిన రబ్బరుతో ఇలాంటి ట్యూబు చెయ్యలేం. ఎండకు జిగటగా అవుతుంది. చలికి గట్టిపడి పగులుతుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ ఏళ్ళ తరబడి ప్రయత్నించి, రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని 1839లో కనుక్కున్నాడు. రబ్బరు అణువులు పొడుగాటి దారాల వంటివి. గంధకం ఆ దారాలను అక్కడక్కడ ముడివేసి, వల లాగా చేస్తుంది. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే యథాస్థితికి వస్తుంది. ఇంత మేలు చేసిన గుడ్‌ఇయర్ 1860లో అప్పులతోనే చనిపోయాడు.

కొన్ని జాగ్రత్తలు

సొల్యూషన్ చటుక్కున అంటుకునే పదార్థం. పొయ్యి దగ్గిర, దీపం దగ్గిర, ఎవరైనా చుట్ట కాల్చేచోట దాన్ని తెరవకండి. గాలి బాగా తగిలే వాకిట్లో కూర్చుని పని చెయ్యండి. ఆ వాసన పీల్చటం మెదడుకు, గుండెకు కీడు. మూత వెంటనే బిగించండి. పసిపిల్లలకు అందనివ్వకండి.

గాలి పోయిన సైకిలు మీద "ఇంటిదాకానే గదా!" అని ఎక్కి తొక్కకండి. రిమ్ము ట్యూబును కోసి, చిన్న చిల్లును పెద్ద చీలిక చేస్తుంది. అరగంట పని కాస్తా కొత్త ట్యూబు ఖర్చు అవుతుంది.

ప్రతిదీ అతుకుతో పోయేది కాదు. చిల్లు వాల్వు మొదట్లో ఉన్నా, ట్యూబు పొడుగునా చీలినా, రబ్బరు పెళుసెక్కినా, ట్యూబు మార్చవలసిందే. టైరు పక్క చిరిగి లోపలి దారాలు కనిపిస్తే టైరు మార్చాలి. బ్రేకు తీగ పోగులు తెగి ఉంటే ఆ సైకిలు ఎక్కనే కూడదు. ఇవి తెలిసినవారికి చూపించండి. ఏది మన చేతిలో పని, ఏది కాదు అని తెలుసుకోవటం కూడా పనితనంలో భాగమే.

పంక్చరు వేసిన తరవాత బ్రేకులు ఒకసారి నొక్కి చూసి, చక్రం ఎత్తి తిప్పి చూసి, అప్పుడు బయలుదేరండి. ముందు ఇంటి చుట్టూ రెండుసార్లు తొక్కండి.

పంక్చరు లేకుండానే పదిహేను ఇరవై రోజులకు టైరు మెత్తబడితే కంగారుపడకండి. రబ్బరులోంచి గాలి అణువులు కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటాయి. వారానికి ఒకసారి బొటనవేలితో నొక్కి చూసి గాలి కొట్టుకుంటే సరి. టైరులో తగినంత గాలి ఉంటే ఆ పాము కాటు చిల్లులు దాదాపు పడనే పడవు.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లల చేతికి పాత ట్యూబు ఒకటి ఇచ్చి, సెలవునాడు సాధన చెయ్యనివ్వండి. మొదటిసారి ముక్క ఊడిపోతుంది. ఎందుకు ఊడిందో వారినే చెప్పమనండి. కోప్పడితే చెయ్యి వెనక్కు పోతుంది. అడిగితే బుర్ర ముందుకు పోతుంది. ఆడపిల్లలకు కూడా తప్పక నేర్పండి. సైకిలు వారిని బడికి చేరుస్తున్నప్పుడు, ఆ సైకిలును మళ్ళీ నడిపించే విద్య వారి చేతిలో ఉండవద్దా?

పిల్లలూ, ఈ విద్య ఒక్క సైకిలుకే పరిమితం కాదు. కుళాయి కారుతుంటే గుడ్డపీలిక చుట్టి ఊరుకోక, లోపలి వాషరు అరిగిందేమో చూడమనండి. తలుపు కిర్రుమంటుంటే బందు ఎక్కడ రాసుకుంటున్నదో చూసి నూనె చుక్క వెయ్యండి. కత్తిపీట ఊగుతుంటే ఏ మేకు వదులైందో వెతికి, పెద్దవాళ్ళకు చూపించండి. కరెంటు వస్తువుల జోలికి మాత్రం పోకండి. అది తెలిసినవారి పని. చెడిన ప్రతి వస్తువూ తనకు ఏమైందో ఏదో ఒక గుర్తు చూపిస్తూనే ఉంటుంది. బుడగ ఎక్కడినుంచి వస్తున్నదో ఓపికగా చూసేవాడికి అది దొరుకుతుంది.